మా కుక్కలు కూడు తినే వేళ

మా ఇంట్లో మనుషులం ఆరుగురం, కుక్కలు మూడు. నాయనమ్మ ఉన్న రోజుల్లో ఏడుగురం. ఇది రాస్తున్న చెయ్యి ఒకరిదే గాని మాటలు ఇంటిల్లిపాదివీ. రాసింది రాసినట్టు పొయ్యి దగ్గర చదివి వినిపిస్తే, అమ్మ రెండు చోట్ల "అలా కాదు జరిగింది" అని దిద్దించింది. అందుకే 'నేను' అనకుండా 'మేం' అని రాస్తున్నాం.

మాది పాడేరు ఏజెన్సీలో గుట్ట వాలున ఉన్న చిన్న ఊరు. మేం కొండదొరలం. మెట్టన చోళ్లు, సామలు, కందులు, ఇంటి దగ్గర పసుపు, పై వాలున కొంచెం కాఫీ, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాలు. ఇలాంటి ఊళ్లో కుక్కను ఎందుకు పెంచుతున్నారని ఎవరూ అడగరు. చోళ్లు పాలు పోసుకునే వేళకి అడవి పంది దిగుతుంది. పనస పండితే ఎలుగు వస్తుంది. రాత్రి మంచె మీద మనిషి కునికినా కింద కుక్క కునకదు. మా తాత రోజుల్లో చైత్రంలో ఇటుకల పండగకి మగాళ్లంతా వేటకి వెళ్లేవాళ్లు, వెంట కుక్కలూ వెళ్లేవి. పడిన జంతువు మాంసం ఇంటింటికీ పంచితే కుక్కకి కూడా వాటా తీసేవాళ్లమని తాత చెప్పేవాడు. 1972లో వచ్చిన వన్యప్రాణి చట్టం వేటను ఆపింది. ఆ వాటా మాట మాత్రం మా నాయనమ్మ దగ్గర మిగిలింది.

ముందు మూడు కుక్కల సంగతి చెప్పాలి. చుక్కి అన్నిటికన్నా పెద్దది, ఆడది. నుదుట తెల్ల మచ్చ ఉంటుంది. దాని కొడుకు బొగ్గు, పేరుకి తగ్గ నలుపు. మూడోది టైగరు. ఇది మా ఇంట్లో పుట్టింది కాదు. మా ఊరికి రోడ్డు వేయడానికి వచ్చిన కూలీల వెంట వచ్చింది. పని సగంలో ఆగి వాళ్లు డేరాలు పీక్కుని వెళ్లిపోతే ఇది ఉండిపోయింది. వారం రోజులు ఆ కంకర కుప్ప దగ్గరే కూర్చుంది, వాళ్లు తిరిగొస్తారని. తర్వాత ఒక సాయంత్రం మా పెరట్లో కుడితి గోలెంలో మూతి పెట్టింది. డొక్కలు లెక్కపెట్టుకునేలా ఉంది. అయ్య కర్ర తీశాడు గాని కొట్టలేదు. అలా మాది అయింది.

నాయనమ్మ ఉన్నంత కాలం కుక్కలకి కూడు పెట్టడం ఒక పని అని మాకు తెలీదు. ఆమె పెట్టేది, అవి తినేవి. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ చక్కగా చేసే పని మిగతా వాళ్ల కంటికి పనిలా కనపడదు. మేం చూసింది ఒక్కటే: అంబలి కాగాక తెడ్డు ముందు కుక్కల వైపు వెళ్లేది, తర్వాతే మా డొప్పల్లోకి వచ్చేది. అమ్మకి ఇది నచ్చేది కాదు. ముఖ్యంగా ఆషాఢ, శ్రావణాల్లో. పాత గింజ అయిపోయి కొత్త గింజ రాని ఆ రెండు నెలలు ఎలా ఉంటాయో మన ప్రాంతం పిల్లలకి చెప్పక్కర్లేదు. మామిడి టెంకలు నానబెట్టి, చేదు విరిచి, ఎండబెట్టి, పిండి చేసి అంబలి కాచుకున్న ఏళ్లు మాకూ ఉన్నాయి. "గుంటలకే చాలడం లేదు, కుక్కలకి ముందు పెడతావేటి?" అని అమ్మ అనేది. నాయనమ్మ తల ఎత్తకుండానే, "రేత్రి చేలో పంది పడితే నువ్వెల్తావా, అది ఎల్తాదా?" అనేది. అమ్మ దగ్గర జవాబు ఉండేది కాదు. ఆకలి మాత్రం ఉండేది. ఎవరిది తప్పని మేం ఇప్పటికీ తీర్పు చెప్పలేం.

నాయనమ్మ ఒక ఆషాఢంలో పోయింది. ఆ ఏడు దీపావళికి టైగరు వచ్చింది. కుక్కలకి పెట్టే పని ఎవరిదీ కాకుండా పోయి, అందరిదీ అయింది. అందరిదీ అయిన పని ఎలా జరుగుతుందో మీకు తెలుసు. ఇంటి వెనక పగిలిన రోలు ఒకటి పడి ఉండేది. అడుగంటిన అన్నం, మిగిలిన అంబలి, ఎండుచేపల తలలు, అన్నీ అందులో వేసేసి లోపలికి వచ్చేసేవాళ్లం. ఒకరోజు అమ్మ వేస్తే, అమ్మ వేసిందని తెలీక అక్క మళ్లీ వేసేది. ఒకరోజు ఎవరూ వేసేవాళ్లం కాదు. పొద్దున అంబలి, రాత్రి కూడు అని నాయనమ్మ పెట్టుకున్న వేళలు చెదిరిపోయాయి.

మూడు మూతులకి ఒక్క రోలు. మొదట గుర్రుమనడం, తర్వాత పళ్లు చూపడం, ఆ తర్వాత మెడ పట్టుకోవడం. చుక్కి వెనక్కి తగ్గి దూరంగా కూర్చునేది. బొగ్గు, టైగరు కలబడేవి. మేం ఏం చేసేవాళ్లం? కర్ర తీసుకుని రెండిటినీ కొట్టేవాళ్లం. నీళ్లు పోసేవాళ్లం. "దొంగ నాయాలు, పరాయి కుక్క" అని టైగరునే ఎక్కువ తిట్టేవాళ్లం. కొట్టినకొద్దీ అవి ఇంకా తొందరగా మింగడం నేర్చుకున్నాయి. టైగరు నమిలేది కాదు. మింగి, కక్కి, కక్కింది మళ్లీ మింగేది. చూసి నవ్వుకునేవాళ్లం కూడా. ఆ నవ్వు సంగతి రాయొద్దని తమ్ముడు అన్నాడు. రాయాల్సిందే అని మిగతావాళ్లం అన్నాం.

నాలుగేళ్ల కిందట సంక్రాంతి సెలవులు. అక్క డిగ్రీ కాలేజీ నుంచి, తమ్ముడు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి ఉన్నారు. కందులు కోసి కళ్లంలో కొడుతున్న రోజులు. పుష్యమాసపు చలి, ఐదున్నరకే కొండ నీడ ఊరి మీద పడిపోతుంది. ఆ రోజు పొద్దున్నుంచి కుక్కలకి ఎవరూ ఏమీ పెట్టలేదు. అందరం కళ్లంలోనే ఉన్నాం. చీకటి పడ్డాక వచ్చి, అమ్మ గబగబా అన్నం వండి ఎండుచేప కాల్చింది. మా చిన్నదానికి అప్పుడు ఐదేళ్లు. ఆకలికి ఆగలేక అడ్డాకు డొప్పలో అన్నం పెట్టించుకుని వెనక గుమ్మంలో కూర్చుంది. రోలు అక్కడికి నాలుగడుగులే.

డొప్ప జారింది. చేప ముక్క కింద పడింది. బొగ్గు ఒక పక్క నుంచి, టైగరు ఒక పక్క నుంచి వచ్చాయి. తన ముక్క తను తీసుకోవాలని చిన్నది చెయ్యి చాచింది. అరుపు విని మేం వెళ్లేసరికి మోచేతి కింద నాలుగు పళ్లు దిగి, రక్తం కారుతోంది. కరిచింది టైగరు.

ఆ తర్వాత పావుగంటలో జరిగింది విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే అన్నీ చెడిపోయేవి. అయ్య గునపం తీశాడు, కుక్కను చంపడానికి. పక్కింటి పెద్దాయన గాయం మీద కారం, సున్నం కలిపి పెట్టమన్నాడు. ఇంకొకరు ఆకు పసరు తెస్తానని పరుగెత్తారు. అందరిదీ మంచి ఉద్దేశమే. అక్క మాత్రం చిన్నదాన్ని ఎత్తుకుని గ్రావిటీ కుళాయి దగ్గరికి పోయింది. బట్టల సబ్బు తీసుకుని గాయం మీద నీళ్లు ధారగా పోస్తూ కడగడం మొదలుపెట్టింది. చిన్నది ఏడుస్తోంది, చలికి వణుకుతోంది, అమ్మ "చాలే, చాలు" అంటోంది, అక్క ఆపలేదు. ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు సైన్సు మాస్టారు ఒకసారి చెప్పారట: కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి, కట్టు బిగించకూడదు, కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకూడదు, వెంటనే టీకాకి పోవాలి. రేబిస్ పైకి కనపడ్డాక ఏ మందూ దాదాపు పనిచేయదు, టీకా ముందే పడాలి. పాఠంలో లేని మాట, ఏదో సందర్భంలో అన్న మాట. అది ఎనిమిదేళ్ల తర్వాత మా ఊరి కుళాయి దగ్గర పనికొచ్చింది. ఇది చదివే మాస్టార్లకి ఈ ఒక్క సంగతి చెప్పాలని మేం చాలాసార్లు అనుకున్నాం.

రాత్రికి రాత్రి మోటారు సైకిలు మీద, చిన్నదాన్ని అయ్యకీ అక్కకీ మధ్య దుప్పటి చుట్టి కూర్చోబెట్టి తీసుకుపోయారు. రోడ్డు సగమే పడిందని ముందే చెప్పాం. మిగతా సగం గెడ్డ దాటి రాళ్ల మీద నడక. మొదటి ఆసుపత్రిలో టీకా ఉంది గాని గాయంలో వేసే సీరం లేదు. రక్తం వచ్చిన కాటు కాబట్టి టీకా ఒక్కటే చాలదు, సీరం కూడా పడాలని చెప్పి పెద్దాసుపత్రికి పంపారు. టీకా కరిచిన రోజు ఒకటి, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, రెండు భుజాలకీ చర్మంలోకి వేశారు. ఒక్కటి కూడా ఎగ్గొట్టకూడదు. నాలుగు రాకపోకలకి ఎంత కూలి పోయిందో అయ్య లెక్క చెప్పగలడు గాని చెప్పడు.

టైగరు ఎలా బతికిందంటే, పెద్దాసుపత్రిలో నర్సమ్మ అడిగిన ఒక్క ప్రశ్న వల్ల. "కుక్క ఉందా, చంపేశారా?" అని అడిగింది. అయ్య ఇంకా లేదన్నాడు. "చంపకండి. కట్టేసి పది రోజులు చూడండి. పది రోజులూ బాగానే ఉంటే కరిచిన రోజున దానికి ఆ జబ్బు లేనట్టే. టీకాలు మాత్రం దాని కోసం ఆపొద్దు" అంది. అలా ప్రేమతో కాదు, చూడటం కోసం దాన్ని ఉంచాం. సాల వెనక పనస చెట్టుకి గట్టి తాడుతో కట్టాం. చిన్నదాన్ని ఆ వైపు పోనివ్వలేదు.

కట్టేసిన దానికి రోలు అందదు కదా. రోడ్డు పనివాళ్లు వదిలిపోయిన ఇనప తట్ట ఒకటి ఉంటే అందులో కూడు పోసి, పొడుగు కర్రతో ముందుకి తోసేవాళ్లం. మొదటి రెండు రోజులు అదే తీరు. మీద పడి మింగడం, తల ఎత్తి నాలుగు పక్కలా చూడటం, గుర్రుమనడం. దగ్గర ఎవరూ లేకపోయినా సరే. మూడో రోజు గుర్రుమనడం తగ్గింది. ఐదో రోజుకి నమలడం మొదలుపెట్టింది. ఏడో రోజున తట్టలో కొంచెం కూడు మిగిల్చి, పక్కన పడుకుని, మళ్లీ లేచి తింది. మేం నిలబడి చూశాం. కూడు మిగిల్చిన టైగరుని మేం అంతకు ముందెప్పుడూ చూడలేదు.

అప్పుడు తమ్ముడు అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు. వాడు ఎక్కువ మాట్లాడే పిల్లాడు కాదు. "అక్కడ లాక్కునేవాళ్లు లేరు కదా" అన్నాడు. కాసేపాగి, "హాస్టల్లో మొదటి నెల నేనూ ఇలాగే తిన్నాను" అన్నాడు.

వాడు ఆరో తరగతిలో హాస్టల్లో చేరాడు. మొదటి సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు కంచం చుట్టూ ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని, తల దించుకుని, మేం రెండు ముద్దలు తినేలోపు అంతా తినేసేవాడు. అమ్మ, "పట్నం అలవాటు కాబోలు" అనుకుంది. అప్పుడూ మేం నవ్వాం. అక్కడ పెద్ద పిల్లలు చిన్న పిల్లల కంచాల్లోంచి గుడ్డు తీసుకుంటారని, వరసలో చివర నిలబడితే కూర నీళ్లే మిగులుతుందని వాడు ఆ రోజు పనస చెట్టు దగ్గర చెప్పాడు. తర్వాత ఒక మాస్టారు భోజనాల వేళ చిన్న పిల్లల మధ్య తనూ కూర్చుని తినడం మొదలుపెట్టాక ఆ బాధ పోయిందట. ఆయన ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, ఊరికే అక్కడ కూర్చున్నాడట.

నాయనమ్మ ఏం చేసేదో అప్పుడు అడిగి తెలుసుకున్నాం. మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. పక్కింటి చిన్నమ్మకి గుర్తుంది, ఎందుకంటే ఆమె పెరటి నుంచి రోజూ కనపడేది. ముసలమ్మ ఒక్కో కుక్కని పేరు పెట్టి పిలిచేదట. చుక్కికి గుమ్మం పక్కన, బొగ్గుకి కోళ్ల గూడు అవతల, అప్పుడు బతికున్న ఇంకో ముసలి కుక్కకి సాల దగ్గర. ఒకదాని మూతి ఇంకోదానికి కనపడకూడదు. మూడూ తినేదాకా కర్ర నేలకి ఆనించి మధ్యలో నిలబడేదట. కొట్టడానికి కాదు, ఊరికే నిలబడేదట. తిన్నాక మూకుళ్లు తీసేసి బోర్లించేది. "మీకు తెలీదేటి?" అంది చిన్నమ్మ. ఏం చెప్తాం?

పది రోజులు గడిచాయి. టైగరు బాగానే ఉంది. దాన్ని విడిచిపెట్టే ముందు ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. అమ్మ వద్దంది. సంతకి తీసుకుపోయి అక్కడే వదిలేద్దామంది. బిడ్డ చెయ్యి చూసిన తల్లి అలా అనడంలో తప్పు లేదు. అయ్య, "సంతలో వదిలితే ఇంకొకరి పిల్లని కరుస్తాది" అన్నాడు. ఆ మాట మీద ఆగింది. కానీ అమ్మ ఒక షరతు పెట్టింది: కుక్కలు తినే వేళ చిన్నది ఇంట్లో, తలుపు వేసి ఉండాలి. ఎవరైనా ఒక పెద్ద మనిషి బయట ఉండాలి. ఆ ఒక్కరు ఎవరో పొద్దున్నే తేలిపోవాలి. ఆ షరతు ఇప్పటికీ నడుస్తోంది.

ఇప్పుడు మా ఇంట్లో జరిగేది చెప్తాం. ఇది అందరికీ సరిపోతుందని కాదు. రెండో, మూడో కుక్కలున్న ఇల్లు మన ఊళ్లలో ప్రతి వాడకీ ఉంటుంది కాబట్టి చెప్తున్నాం.

రోలు తీసేయలేదు, బోర్లించాం. చుక్కికి మట్టి మూకుడు, బొగ్గుకి సొట్టపోయిన సత్తు గిన్నె, టైగరుకి ఆ ఇనప తట్టే. మూడూ మూడు చోట్ల, ఒకటి ఇంకొకదానికి కనపడకుండా. టైగరుది ఇప్పటికీ పనస చెట్టు కిందే, అది మార్చితే మళ్లీ గుర్రుమంటోంది. ముందు చుక్కికి పెడతాం, అది నెమ్మది కాబట్టి. టైగరు తట్టలో పిడికిలి కన్నా పెద్ద గుండ్రాయి ఒకటి వేస్తాం. రాయి చుట్టూ నాలుక తిప్పుకుంటూ తినాలి కాబట్టి మింగడం తగ్గింది. ఇది అయ్య కనిపెట్టాడు. రాయి నోట్లో పట్టేంత చిన్నది కాకూడదు, అది చూసుకోవాలి. తిన్నాక గిన్నెలు తీసేస్తాం. ఖాళీ గిన్నె కోసం కూడా కొట్టుకుంటాయని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఏం పెడతామంటే, మేం తిన్నదే. అంబలి, అన్నం, ఎప్పుడైనా ఎండుచేప తల, కోడిగుడ్డు పగిలితే అది. కుక్క మాంసం తినే జంతువు కదా, దానికి అంబలి పెడితే ఏం బలం అని ఒకసారి ఊళ్లోకి వచ్చిన ఒకాయన నవ్వాడు. అక్క దీని మీద చదివింది. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలు కన్నా కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉంటుంది. మనిషి పంట తింటూ మనిషి పక్కన బతికి అలా మారిందన్నమాట. ఇది విని అయ్య, "మరి ముసలమ్మకి తెలుసు" అన్నాడు. ముసలమ్మకి జన్యువు సంగతి తెలీదు గాని సరే. ఉల్లిపాయ ఎక్కువగా పడిన కూర మాత్రం పెట్టం, అది కుక్క రక్తాన్ని పాడు చేస్తుంది. ఉడికిన కోడి ఎముకలూ పెట్టం. పచ్చి ఎముకలా కాకుండా అవి సూదుల్లా విరిగి గొంతులో, పేగులో దిగుతాయి. అది కాక, ఎముక ఒక్కటి చాలు మూడు కుక్కలూ పాత రోజుల్లోకి పోవడానికి.

అంతా సాఫీగా ఉందనుకోకండి. కోళ్లు ఒక పెద్ద బాధ. చుక్కి మూకుట్లోంచి అవి ముక్కుతో పొడుచుకు తిన్నా అది ఊరుకుంటుంది. టైగరు దగ్గరికి పోయిన పెట్ట ఒకటి తిరిగి రాలేదు. పందిపిల్లలు గూడు దాటి వచ్చి బొగ్గు గిన్నె బోర్లిస్తాయి. చుక్కి కిందటి ఏడు ఈనింది, ఐదు పిల్లలు. పాలిచ్చే కుక్కకి మామూలు కన్నా రెండింతల పైనే కావాలి. రోజుకి మూడుసార్లు చోడి జావ పెట్టాం. పిల్లలకి నెల దాటాక పల్చటి జావ, వెడల్పు పళ్లెంలో. ఐదూ పళ్లెంలో కాళ్లు పెట్టి నిలబడి తినేవి. అప్పుడే వాటిని వేరు చేయడం అలవాటు చేయమని పశువుల డాక్టరు చెప్పాడు. రెండిటిని చిన్నమ్మ తీసుకుంది, మూడు పై ఊరికి పోయాయి. తీసుకునేవాళ్లకి ఒక్కటే చెప్పాం: టీకా వేయించండి అని. జూలై 6న, సెప్టెంబరు 28న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. మా మూడిటినీ తాడు కట్టి నడిపించుకుని పోతాం. దారంతా అవి చేసే అల్లరి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

పెళ్లిళ్లు, కొత్తల పండగలు వచ్చినప్పుడు ఊరంతటికీ ఇదే బాధ. వంద మంది తిన్న అడ్డాకు విస్తళ్లు ఇళ్ల వెనక గుట్టగా పడేస్తారు. ఊళ్లో కుక్కలన్నీ, పై ఊరివి కూడా, అక్కడ చేరతాయి. పిల్లలు అక్కడే ఆడుతుంటారు. కిందటి ఏడు కొర్రకొత్తకి మా వాడ కుర్రాళ్లు ముందే గొయ్యి తవ్వారు. విస్తరి ఎత్తగానే అందులో పడేసి, పైన మట్టి వేశారు. పెద్దవాళ్లు కొంతమంది, "కుక్క నోటి దగ్గర కూడు తీస్తారా" అని కోప్పడ్డారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. అందుకని మిగిలిన అన్నం విడిగా తీసి, ఎవరి కుక్కకి వాళ్లు ఇంటికి పట్టుకుపోయారు. ఈ ఏడు ఏం చేస్తారో చూడాలి.

మా చిన్నదానికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. చేతి మీద మచ్చలు నాలుగూ ఉన్నాయి. టైగరుతో పగ లేదు గాని స్నేహమూ లేదు. అది తింటుంటే ఇది కిటికీ దగ్గర నిలబడి చూస్తుంది. తమ్ముడు పదో తరగతికి వచ్చాడు. సెలవులకి వచ్చినప్పుడు కుక్కలకి పెట్టే పని తనే అడిగి తీసుకుంటాడు. కర్ర పట్టుకోడు, మధ్యలో గొంతుక్కూర్చుంటాడు.

ఇప్పుడున్న చిక్కు చుక్కితో. దానికి పళ్లు పోయాయి. అంబలి నాకడానికి కూడా చాలా సేపు పడుతుంది. బొగ్గు తనది అయిపోగానే వచ్చి తల్లి మూకుడు ముందు కూర్చుంటోంది. గుర్రుమనదు, మీద పడదు, ఊరికే కూర్చుంటుంది. అది చూసి చుక్కి తినడం ఆపి పక్కకి జరిగిపోతుంది. బొగ్గుని కట్టేద్దామని అక్క అంటుంది. చుక్కిని రాత్రి ఇంట్లోకి తెచ్చి పొయ్యి పక్కన పెడదామని అయ్య అంటాడు. కుక్కని ఇంట్లోకి తేవడం అమ్మకి ఇష్టం లేదు. నిన్న రాత్రి వాన పడుతుంటే అమ్మే మూకుడు తీసుకొచ్చి గుమ్మం లోపలి వైపు పెట్టింది. "ఈ ఒక్క రోజుకే" అంది. చుక్కి గడప మీద తల పెట్టి తింది. బొగ్గు బయట చూరు కింద నిలబడి తడిసింది.